బీడు ఇనుము పగిలితే: అతికించాలా, కుట్టాలా, వెల్డింగ్ చేయించాలా, మార్చేయాలా?

మా నాన్నగారి డీజిల్ అంబాసిడర్ పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చేది. విశాఖలో గాజువాక జంక్షన్ దాటేసరికి ఆ చప్పుడు ఆగిపోయేది. వేడెక్కాక పోతోంది కదా, పెద్ద సమస్య కాదులే అనుకున్నాను. నిజానికి ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగని సైలెన్సర్ గొట్టంలోకి చేర్చే బీడు పార్టు, పగిలింది. ఇంజిన్ వేడికి ఇనుము వ్యాకోచించి పగులు మూసుకునేది, చల్లారితే మళ్లీ తెరుచుకునేది.

ముందు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే గట్టి జిగురు) పూశాను. నాలుగు రోజుల్లో మాడి రాలిపోయింది. తర్వాత గేట్లు, గ్రిల్స్ చేసే చోట మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేయించాను. పని అయిపోయి, డబ్బులిచ్చి, పార్టు చల్లారేదాకా ఆగుదామని పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలకి "టింగ్"మని గ్లాసు చిట్లినట్టు వినిపించింది. వంగి చూస్తే వెల్డింగ్ గీత చెక్కుచెదరలేదు. దాని పక్కనే, రెండు మిల్లీమీటర్ల దూరంలో, కొత్త పగులు. పాతది రెండంగుళాలుంటే ఇది మూడున్నర.

బీడు (కాస్ట్ ఐరన్) పార్టుకి మొదటి రిపేరే అసలు రిపేరు. ఎపాక్సీ పూస్తే అది పగుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత వెల్డింగ్ చేయాలంటే అదంతా తవ్వి తీయాలి. ఇత్తడి పోస్తే ఆ చోట మళ్లీ ఆర్క్ వెల్డింగ్ (కరెంటుతో చేసేది) నిలవదు. తప్పు రాడ్ వాడితే పగులు పెరుగుతుంది. ఒక్కో ప్రయత్నం తర్వాతి ప్రయత్నానికి దారి మూసుకుంటూ పోతుంది. అందుకే చేతిలోకి పనిముట్టు తీసుకోకముందే ఏ పద్ధతో తేల్చుకోండి.

ముందు అడగాల్సిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ పార్టు విరిగితే మనిషికి ఏమవుతుంది? బ్రేక్ డ్రమ్, బ్రేక్ డిస్క్, చక్రాన్ని మోసే స్టీరింగ్ నకిల్, ఫ్లైవీల్, క్లచ్ ప్రెషర్ ప్లేట్, వీటిలో ఏది పగిలినా రిపేరు మాటే ఎత్తొద్దు. సింహాచలం కొండ దిగుతుంటే డ్రమ్ములో వెల్డింగ్ విడిపోయిందనుకోండి, అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు. ఫ్లైవీల్ నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది, ముక్కయితే కేసింగ్‌ని చీల్చుకుని బయటికి వస్తుంది. వీటికి కొత్త పార్టు ఒక్కటే దారి. ఈ వ్యాసంలో మిగతాదంతా వీటిని పక్కన పెట్టాకే చదవండి.

రెండో ప్రశ్న: అక్కడ ఎంత వేడి? ఇంజిన్ బ్లాకులో నీళ్లు తిరిగే గోడ 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ దగ్గర లెక్క వందల్లోకి వెళ్తుంది. పెట్రోల్ ఇంజిన్ మీద గట్టిగా లోడ్ పడితే లోపలి పొగ వేడి 800 డిగ్రీలు కూడా దాటుతుంది.

మూడోది: పగులు దేన్ని ఆపలేకపోతోంది? నీళ్లనా, ఆయిల్‌నా, పొగనా, బరువునా? రేడియేటర్ మూత దగ్గర నీళ్ల ఒత్తిడి తక్కువ, ఆయిల్ దారిలో దానికి కొన్ని రెట్లు. రేడియేటర్‌లో ఆయిల్ తేలుతున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాల టీ రంగు నురగ కనిపిస్తున్నా పగులు లోపల ఉండొచ్చు, ఇంజిన్ బ్లాకుకీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. రెండూ ఇంటి పనులు కావు. ఇంజిన్ విప్పి చూసే చోటికి తీసుకెళ్లండి.

నాలుగోది మీ గురించి: బండి లేకుండా ఎన్ని రోజులు గడుస్తుంది, పని చేసుకునే చోటు ఉందా, ఇంతకుముందు రాడ్ పట్టారా?

అసలది బీడేనా?

పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్లో బ్లాకూ హెడ్డూ రెండూ బీడే. ఇప్పటి కార్లలో హెడ్ ఎక్కువగా అల్యూమినియం. దాని రిపేరు లెక్క వేరు, ఇక్కడ చెప్పేది బీడుకే. అయస్కాంతం అంటుకోకపోతే అక్కడితో ఆగిపోండి.

అంటుకుంటే ఒక మూల ఆకురాయితో నాలుగు సార్లు రుద్దండి. బీడైతే పొడి నల్లగా, మెత్తగా వస్తుంది. వేలి మీద రుద్దితే పెన్సిల్ ముల్లు రుద్దినట్టు మరక అంటుతుంది. అది నిజంగానే పెన్సిల్లో ఉండే గ్రాఫైటే. బీడులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, అందులో చాలా భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా ఇనుములో పరుచుకుని ఉంటుంది. ఆ రేకుల వల్లే బీడు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే విరుగుతుంది. నొక్కుడుకి ఉన్న బలంలో లాగుడుకి ఉండేది మూడో వంతో, నాలుగో వంతో. గ్రైండర్ పెడితే ఉక్కు నిప్పురవ్వలు పొడుగ్గా, తెల్లగా, చివర పువ్వులా చిట్లుతాయి. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా మధ్యలోనే ఆరిపోతాయి.

వెల్డింగ్‌లో వచ్చే చిక్కంతా ఈ కార్బన్ వల్లే. రాడ్ పక్కనున్న బీడు ఎర్రగా కాలి, చుట్టూ ఉన్న చల్లటి ఇనుము ఆ వేడిని లాగేసుకోవడంతో గబుక్కున చల్లారి, గాజులా గట్టిపడుతుంది. చల్లారే వెల్డింగ్ ముడుచుకుంటూ దాన్ని లాగుతుంది. లాగితే బీడు ఊరుకోదు. నాకు వినిపించిన "టింగ్" అదే.

పగులు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పని తప్పదు. కంటికి కనిపించిన చోట పగులు ఆగదు, వెంట్రుక సన్నంగా ఇంకాస్త లోపలికి పోతుంది. పార్టుని బాగా కడిగి ఆరబెట్టి, కిరోసిన్ గానీ డీజిల్ గానీ బ్రష్‌తో పట్టించి, పదిహేను నిమిషాలాగి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. ఆ తర్వాత సుద్దముక్కతో తెల్లగా రుద్దండి. పగుల్లో దాక్కున్న నూనె మెల్లగా పైకి ఊరి సుద్ద మీద తడి గీత గీస్తుంది. ఆ గీత చివర్లని సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, రెండు చివరలా 3 మి.మీ. రంధ్రం వేయండి. పగులు ముందుకు పాకడానికి వీల్లేకుండా ఆ గుండ్రటి రంధ్రం ఆపుతుంది. బీడుని డ్రిల్ చేసేటప్పుడు నూనె వేయొద్దు, పొడిగానే తెగుతుంది. పూత, ఇత్తడి, వెల్డింగ్ ఏది చేయాలనుకున్నా, ఈ పరీక్షలో పట్టించిన నూనెని తర్వాత పూర్తిగా వదిలించాలి.

ఒక హెచ్చరిక. వెల్డింగ్ లేదా బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయబోయే పార్టుని క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడగొద్దు. దాని మీద మంట పడితే విష వాయువు పుడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత వేడి చేసి లోపలి ఆయిల్‌ని మాడ్చేయడం క్షేమం.

ఒక్క చూపులో

| పద్ధతి | వేడి | బలం | ఇంట్లో వీలవుతుందా | తర్వాత వేరే పద్ధతికి మారొచ్చా |
|---|---|---|---|---|
| స్టీల్ పొడి కలిసిన ఎపాక్సీ | మంచి రకాలైతే సుమారు 250 డిగ్రీల లోపు | లీకు ఆపుతుంది, బరువు మోయదు | ఎవరైనా చేయొచ్చు | పూర్తిగా తవ్వి తీస్తేనే |
| స్టడ్లతో కుట్టడం | నీళ్ల గోడలకి సరిపోతుంది | ఒక మోస్తరు | ఓపికుంటే చేయొచ్చు | కష్టం |
| ఇత్తడి బ్రేజింగ్ | 250 డిగ్రీలు దాటితే బలం తగ్గుతూ పోతుంది | బాగా | గ్యాస్ సెట్, అనుభవం కావాలి | ఆర్క్ వెల్డింగ్‌కి కుదరదు |
| నికెల్ రాడ్ వెల్డింగ్ | ఎగ్జాస్ట్ వేడికి నిలుస్తుంది | బాగా | చెయ్యి తిరిగినవాళ్లే | గ్రైండ్ చేసి మళ్లీ చేయొచ్చు |
| పార్టు మార్చడం | కొత్తదానిలాగే | కొత్తదానిలాగే | విప్పి బిగించగలిగితే | అక్కర్లేదు |

ఎపాక్సీ

దీన్ని చులకన చేయను. తప్పు చోట వాడి, తప్పు దాని మీద వేసేవాళ్లే ఎక్కువ, నాతో సహా. బ్లాకు బయటి గోడ మీద నీళ్లు చెమర్చే సన్నని పగులుకీ, థర్మోస్టాట్ హౌసింగ్‌కీ, బరువు పడని మూతకీ ఇది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇంట్లో పైపులకి వాడే పుట్టీ రకం కాదు, ప్యాకెట్ మీద ఎంత వేడి తట్టుకుంటుందో రాసి ఉన్న, లోహపు పొడి కలిసినది తీసుకోండి. పగులు వెంట వి ఆకారంలో చిన్న గాడి తీసి, ఇసుక కాగితంతో గరుకు చేసి, ఆయిల్ జిడ్డు లేకుండా తుడిచి పూయాలి. గట్టిపడటానికి ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. మన ఊళ్లో గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి పూసే ముందు పార్టుని ఎండలో గానీ హెయిర్ డ్రయర్‌తో గానీ కాస్త వెచ్చబెట్టండి. మేనిఫోల్డ్‌కి, ఆయిల్ ఒత్తిడి ఉండే చోటికి మాత్రం వద్దు.

స్టడ్లతో కుట్టడం

మా ఎదురింటి వాళ్ల పాత జీపు అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నీళ్లు మరిగిపోయాయి. కంగారులో వాగు నీళ్లు తెచ్చి గుమ్మరించారు. మన వైపు బ్లాకులు పగిలేది చలికి కాదు, ఇలాగే. మరిగిన ఇంజిన్‌ని కనీసం అరగంట వదిలేసి, ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తే ఈ వ్యాసంతో మీకు పని పడకపోవచ్చు.

ఆ జీపు బ్లాకు పక్క గోడ మీద నాలుగంగుళాల పగులు. ఇంజిన్ దించకుండా, మంట లేకుండా కుట్టాం. కుట్టు అంటే దారం కాదు. పగులు గీత మీద 5 మి.మీ. రంధ్రాలు వేసి, వాటికి 6 మి.మీ. ట్యాప్‌తో మర కట్టి, సీలెంట్ రాసిన స్టడ్లు (మరలున్న చిన్న కడ్డీలు) బిగించాలి. మొదటి వరసలో ఒక స్టడ్ మధ్య నుంచి ఇంకో స్టడ్ మధ్యకి 9 మి.మీ. దూరం ఉంచాలి. వాటిని కోసి చదును చేశాక, ఒక్కో జంట మధ్యలో మళ్లీ డ్రిల్ పెట్టాలి. ఈసారి డ్రిల్ రెండు పక్కల స్టడ్లనీ కొంచెం కొరుక్కుంటూ దిగుతుంది. ఆ రంధ్రంలో పడిన స్టడ్ పక్కవాటిని కదలకుండా పట్టేస్తుంది. అలా గొలుసులా పగులు మొత్తం మూసుకుపోతుంది. చివర ప్రతి తలనీ చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పరిస్తే అంచులు కూర్చుంటాయి.

నాలుగంగుళాలకి మాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక ట్యాప్ లోపలే విరిగింది. దాన్ని తీయడానికే ఒక పూట పోయింది. సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి, ఈ లెక్క తప్పితే ట్యాప్ విరుగుతుంది. డ్రిల్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, లేకపోతే లోపలి సిలిండర్ గోడ తగులుతుంది. గోడ మరీ పలచగా ఉంటే స్టడ్‌కి పట్టు చాలదు. ఇంజిన్ దించే స్తోమత లేని మనిషికి, వేడి పెడితే వంగిపోతుందని భయముండే బ్లాకుకి ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తెలీదు.

ఇత్తడి బ్రేజింగ్

పాత మెకానిక్కులు గ్యాస్ వెల్డింగ్ అనేది చాలాసార్లు దీన్నే. ఇందులో బీడు కరగదు. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, ఇత్తడి బాగా అంటేలా ఫ్లక్స్ పొడి వేసి, ఇత్తడి రాడ్ కరిగిస్తే అది బీడుకి తడిలా పరుచుకుని పట్టుకుంటుంది. బీడు కరగలేదు కాబట్టి గాజులా గట్టిపడే పట్టీ దాదాపు ఏర్పడదు. గేర్ లివర్ మౌంటు, పంపు బాడీ, విరిగిన చెవి, ఇంజిన్‌కి తగిలించిన బ్రాకెట్, వీటికి ఇదే నా మొదటి ఎంపిక. మేనిఫోల్డ్‌కి మాత్రం వద్దు, ఆ వేడిలో ఇత్తడి మెత్తబడి బలం పోతుంది.

చిక్కేమిటంటే, గ్రైండర్‌తో రుద్దితే గ్రాఫైట్ ఉపరితలమంతా పులుముకుపోయి ఇత్తడి అంటదు. గ్రైండింగ్ తర్వాత ఆకురాయితో కొత్త లోహం కనిపించేదాకా తీయాలి. రెండోది పొగ. ఇత్తడిలో జింక్ ఉంటుంది, తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టవుతుంది. ఆరుబయట, గాలికి ఎదురు నిలబడకుండా చేయాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆక్సిజన్, ఎసిటిలిన్ సిలిండర్లు పెట్టుకునే ఆలోచన మానేయండి. పార్టు విప్పి ఆటోనగర్ తీసుకెళ్లడమే మేలు.

నికెల్ రాడ్ వెల్డింగ్

చివరికి నా మేనిఫోల్డ్‌ని నిలబెట్టింది ఇదే. మామూలు రాడ్ బీడులోని కార్బన్‌ని పీల్చుకుని తనూ పెళుసైపోతుంది. నికెల్ మెత్తగానే ఉంటుంది, చల్లారేటప్పుడు కొంచెం సాగుతుంది. రాడ్లు రెండు రకాలు: దాదాపు మొత్తం నికెల్ ఉన్నది, సగం పైచిలుకు నికెల్, మిగతా ఇనుము ఉన్నది. తర్వాత డ్రిల్ పెట్టాల్సిన, గ్రైండ్ చేయాల్సిన పలుచటి చోట్లకి మొదటిది. మందపాటి వాటికి, ఎస్‌జీ ఐరన్‌కి (గ్రాఫైట్ రేకులుగా కాక గుండ్లుగా ఉండే బీడు) రెండోది. ఖరీదెక్కువే. పెట్టె కొనక్కర్లేదు, విడిగా రాడ్లిచ్చే వెల్డింగ్ సామాన్ల షాపులుంటాయి. అలా కొన్న రాడ్లు సముద్రం గాలికి చెమ్మ పట్టి ఉంటాయి. వెల్డింగ్‌లో బుడగలు, సూది బెజ్జాలు రావడానికి అదీ ఒక కారణం. ప్యాకెట్ మీద రాసిన ప్రకారం వాటిని వేడి చేసి ఆరబెట్టాకే వాడండి.

స్టీల్‌ప్లాంట్‌లో వెల్డర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలో ఉన్నారు. మేనిఫోల్డ్ పట్టుకెళ్లి చూపిస్తే పగులు మీద బొటనవేలు పెట్టి రాస్తూ అడిగారు: "రాడ్ సంగతి తర్వాత బాబూ, సల్లార్చడానికి ఏటుంది నీ దగ్గర?" ఏమీ లేదని చెప్పాను. ముందు అది తెచ్చుకు రమ్మన్నారు. విజయనగరం వైపు ఒక రైస్ మిల్లు నుంచి రెండు బస్తాల ఊక బూడిద తెచ్చాను. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు వేడి పోకుండా పైన కప్పేది కూడా ఊక బూడిదేనట. బీచ్ ఇసుక వాడొచ్చా అని అడిగితే గట్టిగా వద్దన్నారు, దాన్లో ఉప్పూ చెమ్మా ఉంటాయి.

పగులు వెంట గాడి తీసి, మేనిఫోల్డ్‌ని ఒక మందపాటి ప్లేటుకి బోల్టులతో బిగించాం, వంగకుండా. బొగ్గుల కుంపటి మీద పెట్టి మొత్తం పార్టుని వేడి చేశాం. థర్మామీటర్ లేదు. బాగా మెరిపించిన చిన్న ఉక్కు ముక్కని పార్టు మీద పెట్టారాయన. అది ముందు గడ్డి రంగుకి, తర్వాత ఊదాకి, ఆపైన నీలానికి తిరిగింది. నీలమంటే సుమారు 300 డిగ్రీలు. అప్పుడు 2.5 మి.మీ. రాడ్‌తో, 70 ఆంపియర్ల దగ్గర, ఒక్కోసారి అంగుళం మించకుండా వేశారు. అంగుళం అవగానే గుండ్రటి తల సుత్తితో టకటకా చిన్న దెబ్బలు. ముడుచుకుంటూ లాగే వెల్డింగ్‌ని ఆ దెబ్బలు సాగదీస్తాయి. మళ్లీ ఇంకో చోట అంగుళం. అయిపోయాక పార్టుని బూడిదలో పూడ్చి, పైన రేకు మూసి, మర్నాటి సాయంత్రం దాకా తెరవనివ్వలేదు. తెరిచినప్పుడు ఇంకా గోరువెచ్చగా ఉంది.

అంత పెద్ద పార్టుని వేడి చేసే వీలు లేకపోతే దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి ఉంది. అంగుళం వేసి, సుత్తితో కొట్టి, చెయ్యి పెట్టి ఉంచగలిగేంత చల్లారాకే తర్వాతి అంగుళం. రెండింట్లో ఏదైనా పర్వాలేదు, సగం ఇదీ సగం అదీ చేస్తే పగులుతుంది. వానాకాలంలో, ఈదురుగాలి ఉన్నప్పుడు ఆరుబయట మొదలుపెట్టొద్దు. వేడి బీడు మీద నాలుగు చినుకులు చాలు. పార్టు బండికే ఉండగా వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ కేబుళ్లు తప్పనిసరిగా విప్పేయండి.

మార్చేయడం

దొరికితే చాలామందికి ఇదే సరైనది. పాత బండి పార్టులు ఆటోనగర్ సెకండ్ హ్యాండ్ షాపుల్లో వెతకాలి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, కొన్ని పార్టులకి ఇప్పుడు తిరగక తప్పదు. కొనేముందు పార్టుని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమని మోగితే బాగున్నట్టే. డొక్కు మోత వస్తే పగులు ఉండొచ్చు, సుద్ద పరీక్ష అక్కడే చేయమని అడగండి. అతుకు ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి.

ఎవరికి ఏది

బండి మీదే జీవనం గడిచేవాళ్లు, క్యాబ్ గానీ ట్రాలీ గానీ, రిపేరు ప్రయోగాల జోలికి వెళ్లొద్దు. బండి ఆగిన ప్రతి రోజూ నష్టమే. సెకండ్ హ్యాండ్ పార్టు కోసం ఒక రోజు తిరగండి, దొరక్కపోతే బీడు పని తెలిసినవాళ్ల చేత నికెల్ రాడ్‌తో చేయించండి. తెలిసినవాళ్లా కాదా అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది: "చల్లారడానికి ఎలా పెడతారు?" గాలికి వదిలేస్తాం అంటే ఇంకో షాపు చూసుకోండి.

పాత బండిని ప్రేమగా ఉంచుకునేవాళ్లకి తొందర ఉండదు. బ్లాకు అయితే కుట్టడం, మేనిఫోల్డ్ అయితే నికెల్ రాడ్‌తో వేసి బూడిదలో పూడ్చే పద్ధతి. ఆ పార్టు మళ్లీ దొరక్కపోవచ్చు కాబట్టి మొదటి చెయ్యి తెలిసిన చెయ్యే అవ్వాలి.

వెల్డింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు స్క్రాప్‌లో విరిగిన బీడు ముక్కలు కొని వాటి మీద చేసి చూడండి. టింగ్‌మనే చప్పుడు ఆ ముక్కల మీద వినండి, మీ బండి పార్టు మీద కాదు.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి ఎపాక్సీ, కుట్టు తప్ప మిగతావి ఇంట్లో కుదరవు. పార్టు విప్పడం, సుద్ద పరీక్ష, పగులు చివరల్లో రంధ్రాలు మీరే చేసి షాపుకి తీసుకెళ్తే ఖర్చూ తగ్గుతుంది, పగులు ఎక్కడిదాకా ఉందో మీకు ముందే తెలుస్తుంది.

మేనిఫోల్డ్ పగులుతో మాత్రం "తర్వాత చూద్దాంలే" అనొద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, అద్దాలు మూసి నడిపితే క్యాబిన్లోకి చేరుతుంది. రిపేరు అయ్యేదాకా అద్దాలు దించి, దూరాలు పోకుండా ఉండండి.

బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయండి. వెల్డింగ్ అయిన మేనిఫోల్డ్ ముఖాన్ని వర్క్‌షాప్‌లో ఫేసింగ్ (మిషన్ మీద చదును) చేయించకుండా బిగిస్తే, వంకర ముఖాన్ని బోల్టులు లాగి మళ్లీ అక్కడే పగలగొడతాయి. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. మొదటిసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక బోల్టులు మరోసారి చూడండి. వారం తర్వాత పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, బానెట్ తీసి, ఒక నిమిషం చెవి పెట్టి వినండి.